సైన్సు మాకు రాదండీ



మన ప్రాథమిక బడుల్లో రేపు పాఠాలు చెప్పబోయేవాళ్లు ఇవాళ డైట్ కాలేజీల్లో చదువుకుంటున్నారు. ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ప్రవేశ పరీక్ష రాసి, రెండేళ్ల డీఎల్‌ఎడ్‌లో చేరిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు వీళ్లు. మా కాలంలో దీన్నే టీటీసీ అనేవాళ్లం. 1986 నాటి జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాల్లో ఈ విద్యా శిక్షణ సంస్థలు వచ్చాయి. అలాంటి ఒక సంస్థలో నేను పరిసరాల విజ్ఞానం ఎలా బోధించాలో చెబుతుంటాను. ఐదో తరగతి దాకా సైన్సుకు వేరే పుస్తకం ఉండదు కదా, సైన్సూ సాంఘికమూ కలిసి అందులోనే ఉంటాయి. ఆ పాఠాలు చెప్పాల్సిన ఈ పిల్లలకు సైన్సంటే ఎలా ఉంటుంది, ఆ మాట వినగానే వాళ్ల మనసులో ఏం కదులుతుంది అన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం.

ఏటా కొత్త బ్యాచ్ రాగానే తలా ఒక తెల్లకాగితం ఇస్తాను. పేరు రాయొద్దంటాను. సైన్సు అనగానే మీకు మొదట గుర్తొచ్చేది రాయండి అంటాను. ఏ ఏడు చూసినా ఆ కాగితాల్లో ఉండేవి దాదాపు అవే. ఫార్ములాలు. మూలకాల పట్టిక అప్పజెప్పలేక బెంచీ ఎక్కి నిలబడటం. ఫిజిక్స్ సారు కోపం. పక్కవాళ్లది చూసి ఎక్కించిన రికార్డు. ఎంసెట్ ర్యాంకు. వాన అనో, చీమ అనో, చందమామ అనో రాసిన కాగితం ఎప్పుడో గానీ కనబడదు.

హెచ్‌ఈసీ, సీఈసీ చదివి వచ్చినవాళ్లకే సైన్సంటే భయమనీ, ఎంపీసీ, బైపీసీ వాళ్లకు ఆ బెంగ ఉండదనీ చాలామంది అనుకుంటారు. క్లాసులో నాకు కనబడేది వేరు. హెచ్‌ఈసీ అమ్మాయి పదో తరగతి పబ్లిక్ పరీక్షతోనే సైన్సుకు దణ్ణం పెట్టేసింది. "మేడమ్, సైన్సు మాకు రాదండీ" అని తనే ముందుగా చెప్పేస్తుంది. ఆ చెప్పడంలో పెద్ద బాధేమీ ఉండదు. ఎంపీసీ కుర్రాడికి సూత్రాలు వచ్చు. సరళ లోలకం గురించి అడిగితే టక్కున ఒప్పజెబుతాడు. కానీ ఇంటర్ ప్రాక్టికల్స్‌లో 30 మార్కుల కోసం రావలసిన జవాబు ముందు పెట్టుకుని, రీడింగులు దానికి సరిపోయేలా వేసుకున్నవాడు. లోలకాన్ని తనంతట తాను ఊపి, ఊపులు లెక్కపెట్టి, ఇదేమిటి ఇలా వచ్చిందని ఆశ్చర్యపోయే తీరిక అతనికెవరూ ఇవ్వలేదు. అందుకే నాలుగో తరగతి పిల్లవాడు "సార్, లావుగా ఉన్నవాళ్లు ఎక్కితే ఉయ్యాల నెమ్మదిగా ఊగుతుందా?" అని అడిగితే అతనికి నోట మాట రాదు. జవాబు అతను కంఠస్థం చేసిన సూత్రంలోనే ఉంది. అందులో బరువు అన్న మాటే లేదు. అయినా సూత్రాన్నీ ఉయ్యాలనీ అతను ఎప్పుడూ కలిపి చూడలేదు.

ఇక బైపీసీ పిల్లలు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది వీళ్ల సంగతి. ఇంట్లో చిన్నప్పటి నుంచీ డాక్టరమ్మా అని పిలిపించుకున్న పిల్ల. హాస్టల్లో తెల్లవారుజామున లేచి, వారం వారం పరీక్షలు రాసి, నోటీసు బోర్డు మీది జాబితాలో తన పేరు కిందికి దిగిపోవడం చూసిన పిల్ల. సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్ కూడా అయింది. నీట్‌లో మళ్లీ అంతే. అప్పుడెవరో చుట్టం వచ్చి, టీచరు ఉద్యోగమైతే ఆడపిల్లకు బాగుంటుందన్నారు. అలా మా దగ్గరికొచ్చింది. జీవశాస్త్రం ఆమెకు నాకంటే బాగా గుర్తుంది. అయినా పువ్వు భాగాల పాఠం చెప్పమ్మా అంటే గొంతు పూడుకుపోతుంది. ఆ బొమ్మ చూడగానే ఆమెకు పెరట్లో మందారం గుర్తుకు రాదు, అమ్మానాన్నల ముఖాలు గుర్తుకొస్తాయి.

తెలుగు ఇళ్లలో సైన్సు ఒక జల్లెడ అయిపోయింది. ఎవరు ఇంజనీరు కావాలి, ఎవరు డాక్టరు కావాలి అని తేల్చడానికి దాన్ని వాడుతున్నాం. ఆ జల్లెడలో నిలవనివాళ్లలో కొందరు శిక్షణ కాలేజీలకు వస్తారు. తర్వాత ఆరేళ్ల పిల్లలకు మొట్టమొదటి సైన్సు పాఠం చెప్పేది వాళ్లే. వాళ్లకు తెలియనిదేదైనా ఉంటే రెండేళ్లలో నేర్పవచ్చు, అది పెద్ద కష్టం కాదు. వాళ్లు పడ్డ అవమానాన్ని ముందుగా గుర్తించకుండా మాత్రం ఏం నేర్పినా లోపలికి దిగదు. ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇది.

దీనికి తోడు టెట్. మొదటి పేపరులో 150 మార్కులకు పరిసరాల విజ్ఞానం వాటా 30. డీఎల్‌ఎడ్‌లో చేరిన మర్నాటి నుంచే చేతిలో బిట్ల పుస్తకం ఉంటుంది. అయస్కాంతం పాఠం ఎలా చెప్పాలో మాట్లాడుతుంటే వెనక బెంచీలోంచి "ఇందులోంచి బిట్ వస్తుందా మేడమ్?" అన్న ప్రశ్న వస్తుంది. వాళ్లను తప్పుపట్టలేను. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియని రోజుల్లో ఉద్యోగం కోసం చదువుకునే పిల్లలు అడగక ఏం చేస్తారు?

ఈ భయం మన ఒక్కరి సొత్తు కాదని చెప్పాలి. 1990లలో స్కాట్లాండ్‌లో విన్ హార్లెన్ అనే విద్యా పరిశోధకురాలు ప్రాథమిక టీచర్లకు సైన్సు మీద ఎంత నమ్మకం ఉందో, ఎంత అవగాహన ఉందో పరిశీలించారు. నమ్మకం చాలని టీచర్లు ఎలా నెట్టుకొస్తారో ఆమె వివరంగా రాశారు. సైన్సు వీలైనంత తక్కువ చెబుతారు. చెప్పక తప్పనప్పుడు మొక్కలు, జంతువుల పాఠాలు చెప్పి, విద్యుత్తు, బలం లాంటివి పక్కన పెడతారు. పుస్తకాన్నీ, రాసి ఇచ్చిన పనులనూ పట్టుకుని వేలాడతారు. చెడిపోయే అవకాశమున్న ప్రయోగం జోలికి పోరు. పిల్లలను ప్రశ్నలు అడగనివ్వరు. ఇది చదివినప్పుడు మన మండలంలోని ఏదో బడి గురించి చదువుతున్నట్టే అనిపించింది నాకు. ఒక టీచరమ్మ ఏడాది పొడుగునా మొక్కల పాఠమే చెబుతోందంటే ఆమె బద్ధకస్తురాలని తీర్పు చెప్పేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరి భయం పోవడమెలా? ధైర్యం చెబితే పోదు. సైన్సు ఎంత గొప్పదో ఉపన్యాసం ఇస్తే ఇంకాస్త పెరుగుతుంది. చేతులకు పని చెప్పాలి.

మా క్లాసులో ఒక పని చేస్తాం. ఇద్దరిద్దరికి కలిపి ఒక టార్చి బ్యాటరీ, ఒక చిన్న బల్బు, జానెడు తీగ ఇస్తాను. బల్బు వెలిగించండి అంటాను, అంతే. ఐదో తరగతి పిల్లల పనే కదా అని నవ్వుతూ మొదలుపెడతారు. తీగ ఒక కొస బ్యాటరీ తలకు, రెండో కొస బల్బు కింది బొడిపెకు తాకించి చూస్తారు. వెలగదు. బ్యాటరీ అయిపోయిందేమో మేడమ్ అంటారు. కొందరు తీగ రెండు కొసలూ బ్యాటరీ రెండు చివరలకు పెడతారు, తీగ వేడెక్కి వేళ్లకు చురుక్కుమంటుంది. నవ్వులు ఆగిపోతాయి. ఎంపీసీ వాళ్ల ముఖాలు ఎర్రబడతాయి. అక్కడ నేను ఒక సంగతి చెబుతాను. 1997లో అమెరికాలో సైన్సు బోధన మీద తీసిన ఒక వీడియోలో, హార్వర్డ్, ఎంఐటీల్లో ఆ రోజే పట్టా పుచ్చుకుని ఇంకా ఆ గౌన్లు కూడా విప్పని విద్యార్థులకు సరిగ్గా ఇవే వస్తువులు ఇచ్చారు. వాళ్లలోనూ వెలిగించలేక తడబడ్డవాళ్లున్నారు. ఇది విన్నాక గదిలో బిగుసుకున్న భుజాలు కొంచెం సడలుతాయి.

మళ్లీ మొదలుపెడతారు. ఈసారి బల్బును తిప్పి తిప్పి చూస్తారు. ఎవరో ఒకరు బల్బు బొడిపెను బ్యాటరీ తల మీద నిలబెట్టి, తీగ ఒక కొస బ్యాటరీ అడుగుకు, రెండోది బల్బు చుట్టూ ఉన్న లోహపు తొడుగుకు ఆనిస్తారు. బల్బు వెలుగుతుంది. వెలిగించింది చాలాసార్లు ఆ "రాదండీ" అన్న హెచ్‌ఈసీ అమ్మాయే. తనకు తెలుసన్న ధీమా లేకపోవడం వల్ల అన్ని రకాలుగానూ పెట్టి చూస్తుంది. ఫిలమెంటు ఒక కొస బొడిపెకు, మరో కొస తొడుగుకు కలిసి ఉంటుందనీ, కరెంటు ఒక పక్కనుంచి వచ్చి రెండో పక్కనుంచి పోవాలనీ ఆ తర్వాత వాళ్లే మాట్లాడుకుంటారు. నేను బోర్డు మీద గీసే బొమ్మకు అప్పుడు అర్థం ఉంటుంది.

ఈమధ్య ఫిలమెంటు బల్బులు దొరకడం కష్టమైంది. బజారంతా ఎల్‌ఈడీలే. తెల్ల ఎల్‌ఈడీ ఒక్క బ్యాటరీకి వెలగదు, దానికి సుమారు 3 వోల్టులు కావాలి, రెండు బ్యాటరీలు కలపాలి. అదీ ఒకవైపు పెడితేనే వెలుగుతుంది, తిప్పి పెడితే వెలగదు. ఎందుకు మేడమ్ అన్నారు. మీరే కనుక్కురండి అని వారం గడువిచ్చాను. ఆ వారం వాళ్లు బిట్ల గురించి అడగలేదు.

ఇంకో పాఠం కుండ గురించి. నిజానికి ఇది నేను వాళ్ల దగ్గర నేర్చుకున్న పాఠం. కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి అన్నదాని మీద చర్చ. ఎంపీసీ అబ్బాయి లేచి, బాష్పీభవన గుప్తోష్ణం, గ్రాము నీటికి 540 కెలోరీలు అన్నాడు. పుస్తకం ప్రకారం ఒప్పే. అప్పుడు వెనకనుంచి ఒకమ్మాయి, "మరి నిరుటి కుండలో అంత చల్లబడవు కదండీ, మా అమ్మ ఏటా ఉగాదికి ముందు కొత్త కుండే కొంటుంది" అంది. ఇంకొకరు, రంగు వేసిన కుండ చెమర్చదు అన్నారు. మరొకరు, ముసురు పట్టిన రోజు కుండ నీళ్లు అంత చల్లగా ఉండవన్నారు. ఎంపీసీ అబ్బాయి ఆలోచనలో పడ్డాడు. వాడుతున్నకొద్దీ నీళ్లలోని లవణాలు పేరుకుని కుండ మట్టిలోని సన్నటి రంధ్రాలు పూడిపోతాయి, రంగు వేస్తే మూసుకుపోతాయి, నీరు బయటికి ఊరకపోతే ఆవిరయ్యేదేముంది? గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఊరిన నీరు కూడా త్వరగా ఆరదు. అందుకే అనంతపురం పొడి ఎండల్లో కుండ చేసినంత పని కాకినాడ ఉక్కపోతలో చేయదు. ఇదంతా ఆ గదిలోనే, వాళ్ల నోటనే తేలింది. మర్నాడు కొత్త కుండ, పాత కుండ, స్టీలు బిందె తెచ్చి, ఒకే బోరు నీళ్లు నింపి, వరండాలో పెట్టి, గంటగంటకూ థర్మామీటరుతో చూశారు. అమ్మ దగ్గర విన్నదీ, కాలేజీలో బట్టీ పట్టినదీ ఒక నోటుపుస్తకంలో పక్కపక్కన చేరాయి.

రైతు ఇళ్లలో, కూలీల ఇళ్లలో పుట్టిన ఈ పిల్లలకు ఎంత తెలుసో వాళ్లకే తెలియదు. మిరపకు ముడత ఎప్పుడొస్తుంది, చూడి గేదె ఎప్పుడు ఈనుతుంది, ఏ బావి నీటిలో పప్పు ఉడకదు అన్నవి వాళ్లు చెప్పగలరు. మన పరీక్షల్లో వీటికి మార్కు లేదు గనుక వాళ్ల లెక్కలో ఇది సైన్సు కాదు.

ఇల్లు అన్నాను గనుక, ఇంకో చిక్కు కూడా చెప్పాలి. ఇది సున్నితమైనది. గ్రహణం పాఠం చెప్పేటప్పుడు మా అమ్మాయిల గొంతు తగ్గుతుంది. పొద్దున బడిలో సూర్యుడు, చంద్రుడు, నీడ అని బొమ్మ గీసి చెబుతుంది. సాయంత్రం ఇంట్లో అమ్మ పచ్చడి జాడీల మీద దర్భలు వేస్తుంది. కడుపుతో ఉన్న వదినను గడప దాటనివ్వరు. అమ్మను ఎదిరించాలా, పిల్లలకు అబద్ధం చెప్పాలా అన్న నలుగుడు ఇరవయ్యేళ్ల పిల్లకు చిన్నది కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా సాగింది. హైదరాబాదుకు దగ్గర్లోని జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలిస్తుంటే, ఊళ్లలో వీధులు నిర్మానుష్యమైపోయాయి. అలాంటి దృశ్యం మళ్లీ చూడటానికి ఒక మనిషి జీవితకాలం చాలకపోవచ్చు. తలుపులేసుకున్న ఆ తరానికి ఎవరూ మెత్తగా, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పలేదు. మహీధర నళినీమోహన్ గారి గ్రహణాల కథ చదివించి, కొబ్బరాకుల సందుల్లోంచి నేల మీద పడే చిన్న చిన్న సూర్యబింబాలు గ్రహణమప్పుడు నెలవంకల్లా మారతాయని చెబితే, అమ్మను బయటికి పిలిచి చూపించడానికి ఒక కారణం దొరుకుతుంది. ఆకాశం వంక కళ్లెత్తకుండా నేల మీదే చూడవచ్చు గనుక కళ్లకూ ప్రమాదం లేదు. అమ్మతో వాదన పెట్టుకోవడం కంటే అమ్మను తోడు తీసుకోవడం నయమని మా పిల్లలకు చెబుతుంటాను.

మా శిక్షణలోనే ఉన్న ఒక లోపాన్ని దాచను. టీఎల్‌ఎం, అంటే బోధనోపకరణాలు, వాటి పేరుతో ఈ పిల్లలు రాత్రంతా మేలుకుని థర్మోకోల్ అగ్నిపర్వతాలూ, రంగు చార్టులూ చేస్తారు. పరిశీలకులు వచ్చిన రోజున గోడకు తగిలిస్తారు. మార్కులు పడతాయి. ఆ చార్టు చూసి ఒక పిల్లవాడు కొత్తగా ఏం అడిగాడన్నది ఎవరూ రాసుకోరు. చార్టుకిచ్చే మార్కుల్లో సగమైనా, ఛాత్రోపాధ్యాయులు సొంతంగా ఒక ప్రశ్న వేసుకుని, నెల రోజులు వెంటాడి, రాసుకున్న నోటుపుస్తకానికి ఇవ్వాలి. కుండ ఎన్నాళ్లకు చల్లదనం కోల్పోతుందన్నది చాలు, ఆకాశంలో చంద్రుడు రోజూ ఎంత ఆలస్యంగా వస్తాడన్నది చాలు.

ఇలాంటి పని ఈ దేశంలో జరగలేదా అంటే జరిగింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక బడుల్లో, కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి ఒక సైన్సు కార్యక్రమం మొదలుపెట్టాయి. తర్వాత 1982లో ఏర్పడిన ఏకలవ్య దాన్ని ముందుకు తీసుకెళ్లింది. అది ప్రాథమిక స్థాయి కాదు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు. అయినా శిక్షణ విషయంలో మాకు పాఠమే. అక్కడ టీచర్లు ముందుగా తామే విద్యార్థులై, పిల్లలు చేయాల్సిన ప్రతి ప్రయోగాన్నీ చేసి, తప్పులు చేసి, మళ్లీ చేసి, వాదించుకున్నారు. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి నేల మీద కూర్చున్నారు. శిక్షణ అయిపోయాక కూడా నెలకోసారి టీచర్లంతా కలుసుకుని ఇబ్బందులు చెప్పుకునేవారు. పరీక్షలో పిల్లలను పుస్తకం చూసి రాయనిచ్చేవారు. 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆ నిర్ణయం వల్ల దేశం నష్టపోయిందని నా అభిప్రాయం.

మన దగ్గర కూడా 1980లలో బ్రిటిష్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం దాని సూత్రాల్లో ముఖ్యమైనవి. టీచర్లు కలుసుకుని మాట్లాడుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టారు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రికతో, ప్రతిభా పరీక్షలతో ఈనాటికీ బడులకు వెళుతోంది. అంటే ఈ నేల మీద విత్తనానికి కొదవలేదు. శిక్షణ కాలేజీల్లో ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపి, ఈ పిల్లలతో తీరిగ్గా కూర్చునే మనుషులను ఇవ్వడం ప్రభుత్వాలు వెంటనే చేయగలిగిన పని.

చివరిగా, ఇంటర్న్‌షిప్‌కు మా పిల్లలను పంపే బడుల్లోని ఉపాధ్యాయ సోదర సోదరీమణులకు ఒక మనవి. మీ కష్టం నాకు తెలుసు. ఒక్కరో ఇద్దరో కలిసి ఐదు తరగతులు చూసుకుంటున్నారు. మా అమ్మాయి వచ్చినప్పుడు తాళం వేసి ఉన్న సైన్సు కిట్టు బీరువా ఒక్కసారి తెరిచి ఇవ్వండి. ఏదన్నా పగిలితే పగలనివ్వండి. ఆమెకు ఒక పీరియడ్ సరిపోకపోతే రెండో పీరియడ్ కూడా వదలండి. పిల్లల ప్రశ్నకు ఆమె తడుముకుంటుంటే వెనకనుంచి మీరు జవాబు అందించకండి, కాసేపు చూడండి. సాయంత్రం సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగే ముందు, "ఇవాళ పిల్లలు ఏం అడిగారమ్మా?" అని అడగండి. ఆ ప్రశ్నల్లో మీకూ తెలియనిది ఒకటుంటే, మర్నాడు ఆ క్లాసులో మీరూ పిల్లల పక్కన కూర్చోండి.